చిన్నప్పటి గాయం, ఇప్పటి ఒత్తిడి, తాగుడు: 18–25 వయసులో ఈ ముడి ఎక్కడ పడుతోంది, ఎక్కడ విప్పాలి?

వేకువ (చర్చ మొదలుపెట్టినవారు)

ఇక్కడ కౌన్సెలర్లు, నర్సులు, సైకియాట్రీ వాళ్లు, పరిశోధన చేసేవాళ్లు అందరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇద్దరు కుర్రవాళ్లకు ఒకేలాంటి కష్టం వస్తుంది. పరీక్ష పోతుంది, లేదా ఉద్యోగంలో మాట పడతారు, లేదా ప్రేమ తెగిపోతుంది. ఇద్దరూ ఆ వారమంతా తాగుతారు. ఒకరు తర్వాత మామూలైపోతారు. రెండోవాళ్లకు మాత్రం అప్పట్నుంచి ప్రతి చిన్న చికాకుకూ గ్లాసే గతి అవుతుంది. వాళ్ల గతం కదిపితే ఇంట్లో దెబ్బలు, లైంగిక వేధింపు, పట్టించుకునే దిక్కు లేకపోవడం, ఇలాంటిది ఏదో ఒకటి చాలాసార్లు బయటపడుతుంది.

లోపల అసలు ఏం జరుగుతోంది? దాన్ని ఎలా అడిగి తెలుసుకోవాలి? ముందు తాగుడు మాన్పించాలా, ముందు గాయానికి వైద్యం చేయాలా? ఈ మూడింటి మీద వివరంగా రాయండి. సొంత కథలు, క్లయింట్ల కథలు మాత్రం వద్దండి. చదివినవాళ్లు రేపు పనిలో వాడుకోగలిగేలా ఉండాలి.

నాడీతంత్రి

"ఒత్తిడి పెరిగింది, అందుకే తాగుడు పెరిగింది" అన్నది సగం మాటే. గాయం ఒత్తిడిని పెంచి ఊరుకోదు. ఒత్తిడికి ఒళ్లు స్పందించే తీరునే మార్చేస్తుంది.

మామూలుగా ఏదైనా ముప్పు తగిలితే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దానితో మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్ వదులుతుంది. అది రక్తంలో వెళ్లి కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ విడుదల చేయిస్తుంది. కార్టిసాల్ తగినంత పెరిగాక అదే తిరిగి మెదడుకు చేరి ఈ వరసను ఆపుతుంది. చిన్నతనం ఏళ్ల తరబడి భయంలో గడిస్తే ఈ ఆపే ఏర్పాటు గాడి తప్పుతుంది. కొందరిలో చిన్న విషయానికే కార్టిసాల్ ఎగబాకి త్వరగా దిగదు. కొందరిలో దీనికి పూర్తిగా విరుద్ధంగా, ఎంత ఒత్తిడి పెట్టినా కార్టిసాల్ పెద్దగా కదలదు. ఈ రెండోరకం వాళ్లు పైకి నిబ్బరంగా కనిపిస్తారు. "వీడికేం కాలేదు" అనుకుని వదిలేసేది ఎక్కువగా వీళ్లనే.

అమిగ్డలా ముప్పును పసిగట్టే భాగం. గాయపడినవాళ్లలో అది తొందరపడుతుంది. కోపంగా ఉన్న ముఖం, పెరిగిన గొంతు, ధడాలున తలుపు వేసిన చప్పుడు చాలు. దాన్ని అదుపులో పెట్టాల్సిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఇరవై అయిదేళ్ల దాకా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. కాబట్టి 18–25 మధ్య రెండువైపులా ఇబ్బందే: లేచే మంట పెద్దది, ఆర్పే చెయ్యి ఇంకా పూర్తిగా ఎదగలేదు.

ఇప్పుడు మద్యం పని చూడండి. మెదడులో నెమ్మదింపజేసే గాబా ప్రభావాన్ని అది పెంచుతుంది, ఉద్రేకపరిచే గ్లుటమేట్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఖాళీ కడుపుతో తాగితే కాసేపట్లోనే ఆ తేడా తెలుస్తుంది. మామూలు మనిషికి అది కొంచెం హుషారు. ఎప్పుడూ ఒళ్లు బిగబట్టుకుని బతికేవాళ్లకు అది చాలా రోజుల తర్వాత దొరికిన ఊరట. ఒకే గ్లాసు ఇద్దరికీ ఇచ్చే బహుమానం ఒకటి కాదు. అందుకే ఒకరికి అది అలవాటుగా మారదు, మరొకరికి నాలుగైదుసార్లకే బాధ మొదలవగానే చెయ్యి దానికోసం వెళ్తుంది.

లెక్కలపుస్తకం

సంఖ్యలు నేను పెడతాను, వాటి హద్దులతో సహా.

ఫెలిట్టి, ఆండా బృందం 1998లో అచ్చు వేసిన ఏసీఈ అధ్యయనం అందరూ ఉటంకించేదే. బాల్యంలోని చేదు అనుభవాలను రకాలుగా విడగొట్టి లెక్కించారు, ఆ రకాల సంఖ్యే ఏసీఈ స్కోరు. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రకాలు ఎదుర్కొన్నవాళ్లలో మద్యపాన వ్యసనం, మాదకద్రవ్యాలు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం, ఈ నాలుగింటి ముప్పూ ఏ ఒక్కటీ లేనివాళ్లకన్నా 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా తేలింది. అమెరికాలో 1995లో కెస్లర్ బృందం ప్రచురించిన జాతీయ సర్వేలో, జీవితంలో ఎప్పుడో పీటీఎస్‌డీ (గాయం తర్వాత పీడకలలు, భయం, జ్ఞాపకాలు వెంటాడే జబ్బు) వచ్చిన మగవాళ్లలో 51.9 శాతం మందికి మద్యం సమస్య కూడా ఉంది. పీటీఎస్‌డీ రానివాళ్లలో అది 34.4 శాతం. ఆడవాళ్లలో ఈ అంకెలు 27.9, 13.5.

ఇక జాగ్రత్తలు. తాగే తల్లిదండ్రుల ఇంట్లో హింస ఎక్కువ, తాగుడు వైపు మొగ్గే జన్యువులూ అదే ఇంటి నుంచి వస్తాయి. మద్యం సమస్యలో వంశపారంపర్యం వాటా దాదాపు సగం ఉంటుందని కవలల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. మరి గాయం పాత్ర ఏమీ లేదా అంటే ఉంది. కవలల్లో ఒకరు బాల్యంలో లైంగిక హింసకు గురై ఇంకొకరు గురికాని జంటలను పోల్చినా, గురైనవాళ్లలోనే ముప్పు ఎక్కువగా కనిపించింది. ఇల్లూ జన్యువులూ కలిసి కొంత, గాయం సొంతంగా కొంత అన్నమాట.

రెండోది, జ్ఞాపకం. చిన్నప్పుడే నమోదైన హింసనూ, పెద్దయ్యాక గుర్తు చేసుకుని చెప్పిన హింసనూ పోల్చిన 2019 నాటి మెటా విశ్లేషణలో (పలు పరిశోధనలను కలిపి చూసేది) రెంటికీ పొంతన చాలా తక్కువ, పొంతనను కొలిచే కప్పా విలువ 0.19 (పూర్తిగా సరిపోతే 1). అంటే ఈ రెండు పద్ధతులూ చాలావరకు వేర్వేరు మనుషులను పట్టుకుంటున్నాయి. దీన్ని "చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారు" అని చదవకూడదు. "అలాంటిదేం లేదు" అన్నారు కదా అని ఆ ప్రశ్నను శాశ్వతంగా మూసేయకూడదు, అంతే.

ఇంకొక్కటి. ఏసీఈ స్కోరు జనాభా స్థాయిలో ముప్పు అంచనా వేయడానికి పుట్టింది. ఒక మనిషి చేతిలో "నీ స్కోరు 6" అని కాగితం పెట్టి జాతకం చెప్పడానికి కాదు. ఆ అధ్యయనం చేసిన ఆండాయే తన సహ రచయితలతో 2020లో ఈ దుర్వినియోగం గురించి హెచ్చరించారు. స్కోరు ఎక్కువున్నా తాగుడు జోలికి పోనివాళ్లు బోలెడుమంది ఉన్నారు.

వేకువ

లెక్కలపుస్తకం గారూ, ఆ చివరి మాట చాలా అవసరం. కాగితం మీది స్కోరు చూసి కుంగిపోయే పిల్లలున్నారు.

మరి ఎవరికి ముడి పడిందో ఎలా గుర్తించాలి? తాగే పరిమాణం చూస్తే తెలియడం లేదు.

ప్రశ్నపత్రం

పరిమాణం చూస్తే తెలియదండి. ఎందుకు తాగుతున్నారో చూడాలి. కూపర్ 1994లో తాగే కారణాలను నాలుగుగా విడగొట్టారు: నలుగురితో సరదా కోసం, హుషారు పెంచుకోవడానికి, తోటివాళ్ల మధ్య వెలి పడకుండా ఉండడానికి, బాధను మరచిపోవడానికి. ఈ నాలుగోది ప్రమాదకరం. ఎంత తాగుతున్నారన్నది పక్కనపెట్టి లెక్కించినా, బాధ కోసం తాగేవాళ్లకు సమస్యలు ఎక్కువ. గాయానికీ తాగుడుకీ నడుమ వంతెన చాలామందిలో ఇదే. వారాంతంలో స్నేహితులతో నాలుగు గ్లాసులు తాగే కుర్రాడికన్నా, ఇంట్లో ఒంటరిగా మంగళవారం రాత్రి రెండు గ్లాసులు తాగే కుర్రాడి గురించి నాకు దిగులు ఎక్కువ.

"ఒత్తిడిలో తాగుతావా?" అని అడిగితే ఔనంటారు, అంతటితో ఆగిపోతుంది. రెండు వారాల పాటు చిన్న డైరీ రాయించాలి. ఫోన్‌లో నోట్స్ చాలు. ఒక్కో ఎంట్రీకి అయిదు సంగతులు: ముందు ఏం జరిగింది, అప్పుడు ఒంట్లో ఏమనిపించింది, బాధ 0–10లో ఎంత, మొదటి గ్లాసుకు మధ్య ఎంతసేపు పట్టింది, తాగితే ఏమవుతుందని అనుకున్నారు. తాగనిరోజు కూడా రాయాలి. చాలామంది వదిలేసేది ఆ రోజులనే, ఎక్కువ నేర్పేవి కూడా అవే.

ఊహించి రాసిన నమూనా ఎంట్రీ ఒకటి:

"మంగళవారం, సాయంత్రం 6:40. 'రేపు పొద్దున్నే మాట్లాడాలి' అని మేనేజర్ మెసేజ్. గొంతు పట్టేసింది, చేతులు చల్లబడ్డాయి. 8. మొదటి గ్లాసు 7:05కి. ఆలోచన ఆగుతుందనుకున్నా."

ఇందులో విషయమంతా ఉంది. మెసేజ్‌లో తిట్టేమీ లేదు, అయినా బాధ 8. కారణానికి మించిన స్పందన పాత గాయం వైపు చూపించే గుర్తు కావచ్చు. నడుమ వ్యవధి 25 నిమిషాలు. మనం పనిచేయాల్సిన చోటు ఆ 25 నిమిషాలే. "ఆలోచన ఆగుతుంది" అన్నది ఆశ. దాన్నే తర్వాత పరీక్షించాలి, నిజంగా ఆగిందా అని.

ఆగకపోవడానికి మంచి కారణం ఉంది. మద్యం దృష్టిని ఇరుకు చేస్తుంది, ఎదుట ఉన్నదే కనిపిస్తుందని స్టీల్, జోసెఫ్స్ 1990లో వివరించారు. పక్కన ఆట, కబురు ఏదైనా ఉంటే మనసు దానికి అతుక్కుని బాధ తగ్గినట్టుంటుంది. గదిలో ఒంటరిగా ఉంటే ఎదుట ఉండేది ఆ బాధే కాబట్టి అదే పెద్దదవుతుంది. సాయెట్ 1993లో చెప్పింది కూడా దీనికి తోడు: కష్టం ఎదురవడానికి ముందు తాగితే దాని తీవ్రత తక్కువగా అందుతుంది, కష్టం తలకెక్కాక తాగితే ఆ ఊరట నమ్మకంగా దొరకదు. గొడవ అయ్యాక ఒంటరిగా తాగి ఇంకా ఎక్కువ ఏడవడం బలహీనత కాదు, మద్యం పనిచేసే తీరే అది.

వార్డుడ్యూటీ

"రెండు గ్లాసులు" అని రాసుకోవద్దని దయచేసి అందరికీ చెప్పండి. గ్రాముల్లో రాయాలి. మిల్లీలీటర్లను ఆల్కహాల్ శాతంతో గుణించి, 100తో భాగించి, 0.789తో గుణిస్తే గ్రాములొస్తాయి. 5 శాతం బీరు 330 మి.లీ. అంటే 13 గ్రాములు. 8 శాతం బీరు 650 మి.లీ. అంటే 41 గ్రాములు. 40 శాతం లిక్కర్ 60 మి.లీ. అంటే 19 గ్రాములు. "ఒక్క బీరే" అన్న మాట 13 కావచ్చు, 41 కూడా కావచ్చు. ఒకే విడతలో 60 గ్రాములు, ఆపైన తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగిన సందర్భంగా లెక్కిస్తుంది. ఇంట్లో పోసుకునేవాళ్లు కొలత లేకుండా పోస్తారు, కాబట్టి ఒకసారి వాళ్ల గ్లాసులోనే నీళ్లు పోయించి కొలిపించండి.

స్క్రీనింగ్‌కు ఆడిట్ ప్రశ్నావళి వాడతాం. 10 ప్రశ్నలు, 0–40. 8 లేదా ఆపైన వస్తే హానికర స్థాయి, 20 లేదా ఆపైన వస్తే మద్యానికి బానిసయ్యారేమో అని పూర్తిగా పరీక్షించాలి. సమయం లేకపోతే మొదటి మూడు ప్రశ్నలే అడగవచ్చు, 12కి మగవాళ్లలో 4, ఆడవాళ్లలో 3 లేదా ఆపైన వస్తే మిగతావీ అడగాలి.

ఇక ప్రాణం మీదికి వచ్చే సంగతి. "రేపట్నుంచి చుక్క ముట్టను" అనే ప్రతిజ్ఞను ఎవరు చేస్తున్నారో చూడకుండా మెచ్చుకోకండి. పొద్దున లేవగానే చేతులు వణకడం, వణుకు ఆగడానికే తాగడం, గతంలో మానినప్పుడు ఫిట్స్ రావడం, ఈ మూడింట్లో ఒక్కటున్నా డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానకూడదు. ఆఖరి గ్లాసు తర్వాత 6–24 గంటల్లో వణుకు, చెమట, వాంతి, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చే ప్రమాదం 6–48 గంటల మధ్య. మతి తప్పడం, లేనివి కనిపించడం, జ్వరంతో కూడిన డెలీరియం ఎక్కువగా 48–96 గంటల మధ్య వస్తుంది, సకాలంలో వైద్యం అందకపోతే మనిషిని చంపేస్తుంది. తిండి సరిగ్గా లేనివాళ్లకు గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి, లేకపోతే వెర్నికీ అనే మెదడు జబ్బు ముంచుకురావచ్చు.

ఇరవై ఏళ్ల వయసుకు ఇవన్నీ రావనుకోవద్దు. పదే పదే మానడం, మళ్లీ మొదలుపెట్టడం జరిగినకొద్దీ ప్రతి విడతా ముందుదానికన్నా తీవ్రంగా ఉండవచ్చు.

రాత్రిపాళీ

నిద్ర గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదు. గాయపడినవాళ్లలో "నిద్ర కోసమే తాగుతున్నా" అనే మాట చాలా ఎక్కువ, అది అబద్ధం కూడా కాదు. మద్యం నిద్ర త్వరగా పట్టిస్తుంది, మొదటి సగం రాత్రి రెమ్ నిద్రను అణిచేస్తుంది. పీడకలలు ఎక్కువగా వచ్చేది రెమ్‌లోనే కాబట్టి ఆ గంటలు ప్రశాంతంగా గడుస్తాయి.

తర్వాత ఏమవుతుందో లెక్క వేయండి. ఒంట్లోంచి మద్యం గంటకు సుమారు 7–10 గ్రాముల చొప్పున పోతుంది. రాత్రి 11కు 40 గ్రాములు తాగి పడుకుంటే అది పూర్తిగా పోయేది 3–5 మధ్య. సరిగ్గా ఆ వేళకే అణిగిన రెమ్ ఎగదన్నుకుని వస్తుంది, గ్లుటమేట్ పుంజుకుంటుంది, గుండె వేగం పెరుగుతుంది. చెమటలు పట్టి, పీడకలతో లేస్తారు. "గతం మళ్లీ వెంటపడుతోంది" అనుకుంటారు. నిజానికి అందులో కొంత మద్యం దిగుతున్నప్పటి తిరుగుదెబ్బే. పగలంతా ఆ ఆందోళనే సాగుతుంది, కొంచెం శబ్దానికే ఉలిక్కిపడతారు, సాయంత్రానికి మళ్లీ గ్లాసు కావాలి. పాత గాయం మొదలుపెట్టినదాన్ని నిన్నటి గ్లాసు కొనసాగిస్తుంది.

ఈ లెక్కను వాళ్ల గంటలతో, వాళ్ల గ్రాములతో కాగితం మీద వేసి చూపిస్తే మందలింపుకన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఒక హెచ్చరిక ముందే ఇవ్వాలి: తాగుడు మానిన మొదటి వారం, రెండు వారాలు కలలు ఇంకా ఉధృతం కావచ్చు. ముందు చెప్పకపోతే "మానితే ఇంకా దిగజారాను" అనుకుని నాలుగోరోజుకే వెనక్కి వెళ్తారు.

పీడకలలకు ఇమేజరీ రిహార్సల్ అనే పద్ధతి ఉంది. పగటిపూట, మెలకువగా, కలను కాగితం మీద రాసి, ముగింపునో మధ్యనో తమకు నచ్చినట్టు మార్చి, ఆ మార్చిన కథను రోజూ 10–20 నిమిషాలు మనసులో నడిపించాలి. అన్నిటికన్నా భయంకరమైన కలతో మొదలుపెట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. మధ్యరకం దానితో మొదలుపెట్టాలి.

ముందు_మానాలి

ఇన్ని చెప్పారు కానీ, తాగుతున్న మనిషితో గాయం గురించి మాట్లాడటం ప్రమాదం కాదా? పాతవన్నీ తవ్వితే తట్టుకోలేక ఇంకా తాగుతారు. ముందు మూడు నెలలో ఆరు నెలలో పూర్తిగా మానాలి, ఆ తర్వాతే గాయం సంగతి. మేం నేర్చుకున్నది ఇదే.

గదిలోపల

చాలాకాలం అందరూ అలాగే నేర్చుకున్నారండి. చిక్కేమిటంటే ఆ ఆరు నెలలు మానగలిగేవాళ్లే తక్కువ. తాగడానికి కారణమైన పీడకలలు, భయం అలాగే ఉంచి, వాటికి వాళ్లకున్న ఏకైక ఉపశమనాన్ని మాత్రం తీసేస్తున్నాం. మానలేకపోతే "ఇంకా సిద్ధంగా లేరు" అని తిప్పి పంపుతున్నాం.

ఈ భయాన్ని నేరుగా పరీక్షించారు. ఆస్ట్రేలియాలో మిల్స్ బృందం 103 మందితో చేసి 2012లో జామా అనే వైద్య పత్రికలో ప్రచురించిన ట్రయల్ చూడండి. పీటీఎస్‌డీ, మత్తుపదార్థాల సమస్య రెండూ ఉన్నవాళ్లకు రెంటికీ కలిపి చేసే కోప్ అనే థెరపీ ఇచ్చారు. అందులో గాయాన్ని ఎదుర్కొనే ఎక్స్‌పోజర్ కూడా ఉంటుంది. మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్లకన్నా వీళ్లలో పీటీఎస్‌డీ లక్షణాలు ఎక్కువగా తగ్గాయి. వ్యసనం తీవ్రతలో రెండు గుంపులకూ తేడా రాలేదు, అంటే గాయం గురించి మాట్లాడినందువల్ల వ్యసనం ముదరలేదు.

అయితే మీ ఆందోళనలో నిజం లేకపోలేదు. "తవ్వడం" వేరు, థెరపీ వేరు. మొదటి రోజే "ఏం జరిగిందో మొత్తం చెప్పు" అని కూర్చోబెట్టి, చెప్పించి, 50 నిమిషాలు అయ్యాయని పంపేస్తే ఆ రాత్రి తాగుతారు. కలిపి చేసే చికిత్స సుమారు 12 సెషన్లు, ఒక్కొక్కటి 90 నిమిషాలు. మొదటి కొన్నిట్లో గాయం వివరాల్లోకి వెళ్లరు. తాగుడుకీ లక్షణాలకీ ఉన్న లంకె డైరీతో చూపిస్తారు, తాగాలనే కోరికను తట్టుకునే పద్ధతులు, శ్వాస నేర్పుతారు. తర్వాత తప్పించుకు తిరుగుతున్న చోట్లకు, పనులకు మెల్లగా వెళ్లిస్తారు, సులువైనవి ముందు. ఆ పునాది పడ్డాకే జ్ఞాపకంలోకి వెళ్తారు. జ్ఞాపకం చెప్పించిన ప్రతి సెషన్‌లో చివరి 15–20 నిమిషాలు తేరుకోవడానికి ఉంచాలి, ఆ సాయంత్రం 5 నుంచి 11 దాకా ఎక్కడుంటారు, ఎవరితో ఉంటారు అన్నది లేచేముందే రాసుకోవాలి. చెడేది ఎక్కువగా ఈ ఆఖరి భాగంలోనే.

ఎవరికి ఆగాలి? డిటాక్స్ (డాక్టర్ పర్యవేక్షణలో మద్యం మాన్పించడం) అవసరమైనవాళ్లకు ముందు అది పూర్తికావాలి. సెషన్‌కు తాగి వస్తే ఆరోజు ఎక్స్‌పోజర్ చేయకూడదు. ఆత్మహత్య ఆలోచన తీవ్రంగా ఉన్నా, హింసించే మనిషి ఇంకా అదే ఇంట్లో ఉన్నా ముందు భద్రత. అప్పుడు భయం పాత జ్ఞాపకం కాదు, సరైన హెచ్చరిక.

ముందు_మానాలి

ఆఖరి పేరా స్పష్టంగా ఉంది. మరి గాయం ఉందో లేదో అడిగేది ఎలా? అడగడమే గుచ్చినట్టు అవుతుందేమో.

గదిలోపల

వివరాలు అడగకుండా అడగొచ్చు. పీసీ-పీటీఎస్‌డీ-5 అనే చిన్న ప్రశ్నావళి అందుకే ఉంది. ముందు అలాంటి సంఘటన జీవితంలో జరిగిందా లేదా అని ఒక్క ప్రశ్న. లేదంటే అక్కడితో సరి. ఉందంటే గత నెలలో పీడకలలు లేదా వద్దన్నా వచ్చే జ్ఞాపకాలు, తప్పించుకు తిరగడం, ఎప్పుడూ కాపలాగా ఉండటం, మొద్దుబారినట్టుండటం, తననో ఇతరులనో నిందించుకోవడం మీద అయిదు అవును-కాదు ప్రశ్నలు. ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు.

అడిగేముందు మూడు మాటలు చెప్పండి: ఎందుకు అడుగుతున్నాను, జవాబు ఇవ్వకపోయినా చికిత్స ఆగదు, ఈ కాగితం ఎవరెవరు చూస్తారు. మూడోది మరచిపోతారు చాలామంది. ఇంట్లోవాళ్లకు తెలుస్తుందేమోననే భయంతోనే "లేదు" అని టిక్ పెట్టేవాళ్లు ఎక్కువ. తల్లిదండ్రుల్ని గదిలో కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడగకూడదని వేరే చెప్పనక్కర్లేదు అనుకుంటాను, కానీ అలా జరుగుతూనే ఉంది.

మాత్రలచీటి

మందుల సంగతి క్లుప్తంగా. ఇవి డాక్టర్ రాయాల్సినవి, సొంతంగా వాడేవి కావు.

నాల్ట్రెక్సోన్ సాధారణంగా రోజుకు 50 మి.గ్రా. తాగితే వచ్చే సుఖాన్ని, తాగాలనే కోరికను తగ్గిస్తుంది. ఓపియాయిడ్ నొప్పి మాత్రలు వాడుతుంటే ఇవ్వకూడదు, లివర్ పరీక్ష చూసుకోవాలి. మానినవాళ్లు మళ్లీ మొదలుపెట్టకుండా ఇచ్చే అకాంప్రోసేట్ 666 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు, కిడ్నీ పనితీరు చూడాలి. రోజుకు మూడు పూటలు గుర్తుపెట్టుకుని వేసుకోవడం ఈ వయసులో కష్టం, అందుకే మధ్యలో ఆగిపోతుంది. డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే ఒళ్లు ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మనిషికి తెలియకుండా తిండిలో కలిపి ఇవ్వడం నేరం లాంటిది, ప్రాణాలు పోతాయి. బాధ తట్టుకోలేక హఠాత్తుగా తాగే స్వభావం ఉన్న గాయపడినవాళ్లకు దీన్ని నేనైతే చివర్లో ఆలోచిస్తాను.

పీటీఎస్‌డీకి సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు ఇస్తారు, ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. పీడకలలకు ప్రాజోసిన్ కొందరికి పనిచేస్తుంది, కానీ మాజీ సైనికుల మీద జరిగి 2018లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగని తేలలేదు.

ఆందోళనకు, నిద్రకు బెంజోడయాజిపైన్ మాత్రలు నెలల తరబడి రాయడం పెద్ద తప్పు. పీటీఎస్‌డీని అవి నయం చేయవు, కొత్త అలవాటు పెడతాయి, మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. మద్యం మానేటప్పుడు వచ్చే వణుకు, ఫిట్స్ నివారణకు పర్యవేక్షణలో కొద్దిరోజులు ఇవ్వడం వేరు, అక్కడ అవే అసలైన మందు.

వేకువ

ప్రశ్నపత్రం గారు చెప్పిన ఆ 25 నిమిషాల్లో ఏం చేయించాలి?

ప్రశ్నపత్రం

తాగాలనే కోరిక పెరిగి, శిఖరానికి చేరి, దిగుతుంది. చాలాసార్లు 20–30 నిమిషాల్లో. తాగకుండా ఆ దిగడాన్ని ఒక్కసారి కూడా చూడనివాళ్లకు అది ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుందనిపిస్తుంది. కాబట్టి మొదటి లక్ష్యం మానడం కాదు, 30 నిమిషాలు ఆలస్యం చేయడం. అలారం పెట్టి, ప్రతి 5 నిమిషాలకూ 0–10లో కోరికకు మార్కులు వేయించండి. ఆ అంకెలు దిగడం వాళ్లే చూస్తారు.

ఒళ్లు 8లో ఉన్నప్పుడు ఆలోచనలతో వాదించడం దండగ, ముందు ఒంటిని దించాలి. 4 అంకెల పాటు లోపలికి, 6 అంకెల పాటు బయటికి ఊపిరి, 5 నిమిషాలు. ముఖం మీద చల్లటి నీళ్లు, గుండె జబ్బు లేనివాళ్లకు. కళ్లు మూసుకోమనే ధ్యానం గాయపడినవాళ్లలో కొందరికి ఎదురు తిరుగుతుంది, కళ్లు మూయగానే ఆ దృశ్యమే వస్తుంది. వాళ్లకు కళ్లు తెరిచే ఉంచి, గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పించండి.

ప్లాన్ "ఒత్తిడొస్తే నడుస్తాను" అని ఉంటే పనిచేయదు, ఆ క్షణంలో ఒత్తిడి వచ్చిందని గుర్తుపట్టే స్థితిలోనే ఉండరు. "గొంతు పట్టేసినట్టయితే, ఫోన్ టేబుల్ మీద పెట్టి, చెప్పులేసుకుని కిందికి దిగుతాను" అని ఒంటి గుర్తుకు ఒక పని కట్టాలి. బాధ 2లో ఉన్నప్పుడు పదిసార్లు చేసి చూడాలి. ఇంట్లో సీసా ఉంటే ఇవేవీ నిలవవు, దుకాణం దాకా వెళ్లాల్సి రావడమే ఆ 25 నిమిషాలను పెంచుతుంది.

కొత్తసభ్యుడు

నేను ఈ రంగం మనిషిని కాదు. స్నేహితుడి విషయంలో ఇలా అనిపిస్తే ఏమనాలి?

వార్డుడ్యూటీ

తాగి ఉన్నప్పుడు ఏమీ అనకండి, ఆ మాటలు మరునాటికి ఉండవు. పగలు, ఇద్దరే ఉన్నప్పుడు, మీరు చూసింది మాత్రమే చెప్పండి: "ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రోజల్లా తాగుతున్నావురా, గమనించాను." గాయం ఏమిటో ఊహించి చెప్పకండి, అడగకండి. చెబితే వినండి, "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలు, పదునైనవి దూరంగా పెట్టి, అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తాగి పడిపోయి పిలిచినా పలక్కపోతే, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు దాటుతుంటే, పెదాలు నీలంగా మారితే పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి. "నిద్రపోతే అదే దిగుతుంది" అని గది తలుపు మూసి వెళ్లకండి. కడుపులో ఉన్నది ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది.

కొత్తసభ్యుడు

ఇంటి ఫోన్ సంగతి మీరు రాశాక ఆలోచిస్తే అలాగే ఉంది. రేపు మధ్యాహ్నం మాట్లాడతాను. వాడు ఒప్పుకుంటే మొదట ఎవరి దగ్గరకు తీసుకెళ్లాలి?

గదిలోపల

పొద్దున చేతులు వణుకుతున్నాయంటే ముందు డాక్టర్. లేకపోతే గాయం, వ్యసనం రెండూ చూసే సైకాలజిస్ట్ లేదా సైకియాట్రిస్ట్. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి: "తాగుతూ ఉన్నా ట్రామాకు (గాయానికి) చికిత్స మొదలుపెడతారా, పూర్తిగా మాని రమ్మంటారా?" రెండో జవాబొస్తే ఇంకొకరిని వెతకండి. మొదటి అపాయింట్‌మెంట్‌కు మీరూ వెంట వెళ్లండి, బయట కూర్చోండి, లోపల ఏం మాట్లాడారో అడగకండి. వాడికి వీలైతే ఈలోపు నాలుగైదు రోజుల డైరీ రాసి తీసుకెళ్లమనండి.